వేట లెక్క తప్పు రాస్తే శిక్ష ఎవరికి పడుతుంది?

"చేపల బోటువాళ్లు పట్టిన సరుకు లెక్క తప్పు చూపిస్తే శిక్ష ఉంటుందా, నిజంగా ఎవరికైనా పడుతుందా?" అని అడిగారు. పడుతుంది. అయితే చాలాసార్లు పడాల్సిన వాళ్లకి పడదు. నా కళ్లతో చూశాను కాబట్టి చెప్తున్నాను.

మాది విశాఖ ఫిషింగ్ హార్బర్. నాన్నకి ఒక ట్రాలర్ ఉండేది. డిగ్రీ అయ్యాక ఉద్యోగం వచ్చేదాకా బోటు లెక్కలు రాసే పని నాది. 2010 జనవరి నుంచి యూరప్ దేశాలు సముద్రంలో పట్టిన సరుకుని క్యాచ్ సర్టిఫికెట్ (ఆ సరుకు చట్టప్రకారమే పట్టిందని చెప్పే కాగితం) లేకుండా లోపలికి రానివ్వడం లేదు. ఆ సర్టిఫికెట్‌కి బోటు వివరాలూ, వేట తేదీలూ, పట్టిన బరువూ కావాలి. అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని మా లాగ్‌బుక్కుకి, అంటే వేట లెక్కలు రాసే పుస్తకానికి, ఒక్కసారిగా విలువ వచ్చింది.

ఒకరోజు పొద్దున్న వేలం అయిపోయింది, నాన్న ఐస్ లెక్క తేల్చుకోవడానికి వెళ్లాడు. ఎగుమతి కంపెనీకి రొయ్యలు కొనే ఏజెంటు ఒకాయన నన్ను పక్కకి పిలిచి, "తమ్ముడూ, పేపర్లు లేని బోట్ల సరుకు కొంత ఉంది. మీ బోటు మీద ఇంకో మూడొందల కిలోలు రాసిపెట్టు, మీకేం పోతుంది?" అన్నాడు. ఐస్ నీళ్లు తగిలి పేజీ అంచు తడిసి ఉంది. నేను రాసిన 160లో ఒకటిని నాలుగు చేయడానికి పక్కన చిన్న గీత చాలింది. సిరా కొంచెం పాకింది కూడా. 460 అయింది. ఆయన నా జేబులో ఐదొందలు పెట్టాడు.

రెండు నెలలకి ఆ లెక్కతో వెళ్లిన సర్టిఫికెట్ కాగితం వెనక్కి తిరిగొచ్చింది. నాలుగు రోజుల ట్రిప్పుకి, మేం కొట్టించిన డీజిలుకి అంత రొయ్య ఎలా పడిందని తనిఖీ చేసేవాళ్లు అడిగారు. ఏజెంటు "బోటువాళ్లు రాసిచ్చిందే మేం ఇచ్చాం" అని తప్పుకున్నాడు. ఆ సీజనంతా కంపెనీ మా సరుకు ముట్టుకోలేదు. నాన్న రొయ్యల్ని లోకల్ వ్యాపారులు చెప్పిన రేటుకే ఇచ్చేశాడు. బోటు మీద జీతాలుండవు, వాటాలే. అంటే నేను గీసిన గీతకి బోటు నడిపే సరంగూ, బోటు మీద పనిచేసే కలాసీలూ డబ్బు కట్టారు. వాళ్లకి ఆ పుస్తకం చదవడం కూడా రాదు.

అమెరికాలోనూ ఇలాంటిదే జరిగింది. న్యూ బెడ్‌ఫోర్డ్ రేవులో కార్లోస్ రాఫెల్ అనే పెద్ద బోట్ల యజమాని, కోటా (ఏ చేప ఎంత పట్టొచ్చో పెట్టిన పరిమితి) తక్కువున్న కాడ్ లాంటి చేపల్ని కోటా ఎక్కువున్న హాడక్‌గా రాయించాడు. మొత్తం 7.8 లక్షల పౌండ్ల బరువుకి పైనే. 2016లో అరెస్టు చేశారు, 2017లో 46 నెలల జైలు వేశారు. తర్వాత 30 లక్షల డాలర్ల జరిమానా కట్టి, వేట వ్యాపారం నుంచి పూర్తిగా తప్పుకోవాల్సి వచ్చింది. అది సరైన శిక్షే. కానీ 2017 నవంబర్‌లో ఆయన బోట్లున్న సెక్టార్ (కోటాని కలిసి వాడుకునే బోట్ల గుంపు) మొత్తానికి వేట ఆపేశారు. బోటెక్కి బతికేవాళ్లు రేవులో ఖాళీగా కూర్చున్నారు.

యూరప్ 2008లో చేసిన నిబంధనలో నాకు నచ్చింది ఒకటుంది. ఇలాంటి పెద్ద తప్పులకి వేసే గరిష్ఠ జరిమానా, ఆ తప్పుతో సంపాదించిన సరుకు విలువకి కనీసం ఐదు రెట్లు ఉండాలని అందులో రాశారు. ఐదేళ్లలో మళ్లీ చేస్తే ఎనిమిది రెట్లు. నా అభిప్రాయం మాత్రం ఇది: ఆ రెట్లు లెక్క మార్చమన్నవాడి దగ్గరా, తెలిసీ కొన్నవాడి దగ్గరా వసూలు చేయాలి.

ఇంకో మాట. మా రేవులో చాలా సరుకు గంపల లెక్కన చేతులు మారేది. గంపలో ఐస్ ఎంత, చేప ఎంత అన్నది కళ్లతో అంచనా వేసేవాళ్లం. కిలోల్లో రాయమంటారు, జెట్టీ మీద సరైన కాటా పెట్టరు. పది కిలోలు అటూ ఇటూ అయినవాణ్ణి దొంగలా నిలబెడతారు. అంచనా తప్పడం వేరు, నేను చేసింది వేరు. చట్టం ఈ రెండింటినీ ఒకే గాట కట్టకూడదు.

ఆ సీజన్ తర్వాత మా కలాసీల్లో ఇద్దరు పని కోసం గుజరాత్‌లోని వేరావల్ వెళ్లిపోయారు. వాళ్లలో ఒకాయన నన్ను చిన్నప్పుడు భుజం మీద ఎక్కించుకుని జెట్టీ అంతా తిప్పినవాడు. వెళ్లేముందు ఇంటికొచ్చి నాన్నకి చెప్పి వెళ్లాడు. నేను లోపలి గదిలోంచి బయటికి రాలేదు.