వీర్యాన్ని పొట్లం కట్టి ఇచ్చే జీవులు

ప్రశ్న: మా అబ్బాయి వనామీ రకం రొయ్యల హేచరీలో (గుడ్ల నుంచి రొయ్య పిల్లలు తీసే చోట) పని చేస్తాడు. రాత్రిపూట తల్లి రొయ్యల్ని ఒక్కొక్కటిగా పట్టి, టార్చి వేసి, కాళ్ల మధ్య తెల్లగా ఏదో అంటుకుని ఉందా లేదా చూసి, ఉన్నవాటిని వేరే ట్యాంకులోకి మారుస్తారట. అది గుడ్డా, ఏదైనా జబ్బా అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. మీరైనా చెప్పండి.
– ఒక తల్లి, ఉప్పాడ

జవాబు: గుడ్డూ కాదు, జబ్బూ కాదమ్మా. అది మగ రొయ్య అంటించి వెళ్లిన వీర్యపు పొట్లం. సైన్సులో స్పెర్మాటోఫోర్ అంటారు. అడగడానికి మొహమాటపడాల్సిన పనేమీ లేదు, ఆ హేచరీలో పిల్ల తయారయ్యేది దానివల్లే.

మన వీర్యకణానికి తోక ఉంటుంది, ఈదుకుంటూ పోయి అండాన్ని చేరుతుంది. రొయ్యది అలా కాదు. గుండ్రటి ఒళ్లు, ముందు ఒక ముల్లు, అంతే. తోక లేదు కాబట్టి ఈదలేదు. దాన్ని విడిగా నీళ్లలో వదిలేస్తే ఎటు కొట్టుకుపోతుందో ఏమో! అందుకే మగ రొయ్య కణాలన్నిటినీ జిగురులో చుట్టి, తన ఐదో జత నడకకాళ్ల మొదట్లో, అటొకటి ఇటొకటి సిద్ధంగా పెట్టుకుంటుంది. మగదాన్ని వెల్లకిలా తిప్పితే ఆ చోట తెల్లగా ఉబ్బి కనబడుతుంది. నల్లబడి ఉంటే మాత్రం దాన్ని జతకి వాడకుండా పక్కన పెడతారు.

చీకటి పడే వేళకి, గుడ్లు పండిన ఆడదాని వెంట మగది పడుతుంది. వెనకనుంచి వచ్చి, దాని కిందికి దూరి, వెల్లకిలా తిరిగి ఒంటికి ఒళ్లు ఆనించి, క్షణాల్లో పొట్లం అంటించేసి పోతుంది. ఆడ రొయ్యకి గుడ్లు బయటికొచ్చే రంధ్రాలు మూడో జత కాళ్ల మొదట్లో ఉంటాయి, పొట్లం అతుక్కునేది సరిగ్గా వాటి వెనకే. ఇంకో కొన్ని గంటల్లో, అదే రాత్రి, ఆడది ఈదుతూ ఈదుతూ లక్షకు పైగా గుడ్లు వదులుతుంది, వదిలేటప్పుడే పొట్లంలోని కణాలు వచ్చి కలుస్తాయి. కడుపులో ఏదీ జరగదు, అంతా బయటే. అందుకే ఈలోపు పొట్లం జారిపోయిందంటే ఆ రాత్రి గుడ్లన్నీ వృథా. వనామీలో అది పైపైనే అంటుకుని ఉంటుంది, ఇట్టే ఊడిపోతుంది. మీ అబ్బాయి వాళ్లు రొయ్యని అంత నెమ్మదిగా పట్టుకోవాల్సింది ఇందుకే, చేతి నైపుణ్యం ఉంటే తప్ప చేయలేని పని అది.

టైగర్ రొయ్య పద్ధతి వేరు, నాకైతే అదే ఎక్కువ నచ్చుతుంది. ఆడదానికి కాళ్ల మధ్య మూసుకునే సంచి లాంటి ఏర్పాటు ఉంటుంది. మోల్టింగ్ అయి, అంటే పాత పెంకు విడిచి, ఒళ్లు మెత్తగా ఉన్నప్పుడే మగది పొట్లాన్ని అందులోకి దూర్చేస్తుంది, పెంకు గట్టిపడ్డాక అది లోపల భద్రం. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ గుడ్లు పెట్టినా సరిపోతుంది, తర్వాతి మోల్టింగ్‌లో పాత పెంకుతో పాటు పోతుంది. 2009లో మన దేశంలో వనామీకి అనుమతి రాకముందు, సముద్రంలో పట్టిన టైగర్ తల్లుల్ని తెచ్చి వేస్తే, పక్కన మగది లేకపోయినా గుడ్లు పెట్టేవి, అవి పిల్లలయ్యేవి. పొట్లం సముద్రంలోనే అందిపోయి ఉండేది కదా.

ప్రశ్న: పెరట్లో రాళ్ల దగ్గర రెండు తేళ్లు డెక్కలు పట్టుకుని ముందుకీ వెనక్కీ చాలాసేపు నడిచాయి. కొట్లాటా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: జత కట్టడం. మగ తేలు ఆడదాన్ని పట్టుకుని లాక్కుంటూ తిరిగేది గట్టిగా, చదునుగా ఉండే చోటు కోసం. పొట్ట కింద పళ్ల వరసల్లాంటి రెండు అవయవాలతో నేలని తడుముతూ పోతుంది. చోటు దొరికాక తొడిమ లాంటి కాడ ఉన్న వీర్యపు పొట్లాన్ని నేలకి అంటించి నిలబెట్టి, ఆడదాన్ని సరిగ్గా దాని మీదికి లాగుతుంది. ఆడదాని ఒత్తిడికి పొట్లం తెరుచుకుని వీర్యం లోపలికి పోతుంది. పొడి నేల మీద వీర్యం ఎండిపోకుండా చేరాలంటే పొట్లం కావాల్సిందే. మీరు చూసింది చాలామందికి దొరకని దృశ్యం. కానీ మన వైపు ఎర్ర తేలు కుడితే ప్రాణం మీదికొస్తుంది, ముఖ్యంగా పిల్లలకి. దూరం నుంచే చూడండి.

ప్రశ్న: స్క్విడ్ (పది చేతులుండే మెత్తటి సముద్రజీవి) తిన్న ఒకావిడ నోట్లో పిల్లలు పుట్టాయని వాట్సాప్‌లో వచ్చింది. చదివి ఒకటే టెన్షన్. నిజమా?
– ఒక గృహిణి, విశాఖపట్నం

జవాబు: పిల్లలు పుట్టడం అబద్ధం, కానీ అసలు సంఘటన నిజం. దక్షిణ కొరియాలో 63 ఏళ్ల మహిళ సగం ఉడికిన స్క్విడ్‌ని, లోపలి భాగాలు తీయకుండానే, కొరికింది. వెంటనే నోట్లో పొడిచినట్టు నొప్పి. డాక్టర్లు నాలుక, చిగుళ్లు, బుగ్గల్లోంచి తెల్లటి చిన్న చిన్నవి 12 తీశారు. 2012లో ఈ కేసు వైద్య పత్రికలో వచ్చింది. అవి పిల్లలు కావు, మగ స్క్విడ్ వీర్యపు పొట్లాలు. స్క్విడ్ పొట్లంలో మెలికలు తిరిగిన గొట్టం బిగుతుగా చుట్టుకుని ఉంటుంది, తాకిడి తగిలితే అది విదిల్చుకుని బయటికొచ్చి వీర్యాన్ని విసురుతుంది, జిగురుతో అంటిస్తుంది. ఆడ స్క్విడ్ ఒంటికి అతుక్కోవాల్సింది ఆమె నోటికి అతుక్కుంది. జంతువు చనిపోయినా పొట్లం పనిచేయగలదు. మనిషి ఒంట్లో అది పెరిగేది, పిల్ల అయ్యేది ఉండదు. పొట్ట లోపలిదంతా తీసి, శుభ్రంగా కడిగి, బాగా ఉడికించి వండుకుంటే భయం లేకుండా తినొచ్చు.