ఇళయరాజా షోకి మీ అమ్మని తీసకపోతా ఉండావంట కదా అల్లుడా

అల్లుడా,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, చెన్నైలో ఇళయరాజా షోకి టికెట్లు తీస్తా ఉండావని, తనని కూడా తీసకపోతా ఉండావని. బో సంతోషం. నువ్వు ఫోన్లో చెప్తే సగం వింటావు సగం రీల్స్ చూస్తావు కాబట్టి తీరిగ్గా కూర్చుని టైప్ చేస్తా ఉండా, నిదానంగా చదువుకో. నాకెందుకింత ఆత్రం అంటే నీకు తెలిసిందే, తిరుపతిలో క్యాసెట్లు రికార్డింగ్ చేసిచ్చే షాపు నడిపినోడిని, ఆ రోజుల్లో జనాలు నోటుబుక్కు చింపి పాటల లిస్టు రాసి తెచ్చేవాళ్ళు, అరవై నిమిషాల క్యాసెట్లో సైడుకి ముప్పై నిమిషాలు, ఆఖరి పాట మధ్యలో తెగిపోకుండా ఏ పాట ఎన్ని నిమిషాలో లెక్కేసి సర్దాల. అట్లా సర్దీ సర్దీ రాజా గారి పాటల్లో ఏ వాద్యం యాడ మొదలై యాడ ఆగుతాదో నాకు ఒంటికి పట్టేసింది. (ఆయన ఇప్పుడు రాయల్టీ మీద ఎంత పట్టుదలగా ఉండాడో పేపర్లో చూసే ఉంటావు, మామ యాపారం గురించి ఆడ ఎవురికీ చెప్పబాక.)

ముందు ఒక మాట మనసులో పెట్టుకో. పాట ఎట్లుంటాదో నీకు తెలుసు, మీ అమ్మకి ఇంకా బాగా తెలుసు. ఆ పాటని మనుషులు ఎట్లా వాయిస్తారో చూసేదానికి పోతా ఉండారు మీరు. ఇది మర్చిపోయి పోయినోళ్ళు 'క్యాసెట్లో ఉన్నట్టు లేదే' అని మొహం వేలాడేసుకోని వస్తారు, చెవులిప్పుకోని చూసినోళ్ళు వారం రోజులు అదే మాట్లాడతారు.

నువ్వు తిరుపతి మహతి ఆడిటోరియంలో కచేరీలు చూసినావు, తిరుమల కొండ మీద నాదనీరాజనం వేదిక దగ్గిర గుడి ఎదురుగా కూర్చుని కూడా విన్నావు. ఆడ ఎట్లుంటాది, విద్వాంసుడు రాగం ఎత్తుకుంటాడు, ఆ పూట ఆయనకి ఏమి తోస్తే అది, వయొలిన్ ఆయన వెనకాలే పోతాడు, మృదంగం ఆయన అందుకుంటాడు, అంతా అప్పటికప్పుడు పుట్టేదే. రాజా గారి దగ్గిర అట్లా కాదు. ఆయన హార్మోనియం కూడా ముట్టకుండా కూర్చున్నచోటే పాటకి మొత్తం వెస్ట్రన్ నొటేషన్ రాసేసేవాడని, ఫ్లూటుకి ఇది, వయొలిన్లకి ఇది, గిటారుకి ఇది అని రాసిచ్చేవాడని ఆయన దగ్గిర వాయించినోళ్ళంతా చెప్పే మాట. స్టేజి మీద చూడు, ప్రతి ఒక్కరి ముందరా స్టాండు, దాని మీద కాగితాలు, ఎదురుగా చెయ్యి తిప్పే కండక్టరు. కాబట్టి ఆలాపన సాగదీస్తాడని, కొత్తగా ఏందో సంగతులేస్తాడని చూస్తా కూర్చోబాక. కాగితం మీద ఉండేది అంతమంది ఒక్క ఊపిరిగా వాయించడమే ఆడ గొప్ప. వయొలిన్లు వాయించే వరస ఒక్కటి చూడు చాలు, కమాన్లన్నీ ఒకేసారి పైకి లేస్తాయి, ఒకేసారి కిందికి దిగతాయి, సౌండు వినపడే ముందు అర సెకండు ఆ చేతులు లేస్తాయి చూడు, ఆడ ఒళ్ళు జలదరిస్తాది.

ఇంకోటి. పల్లవి అయిపోయినాక వచ్చే మ్యూజిక్ ఉంటాది కదా, మన జనాలు సామాన్యంగా అప్పుడే పక్కనోడితో మాట్లాడతారు, సమోసా యాడ దొరుకుతాదని అడగతారు. రాజా గారి పాటకి ప్రాణం అంతా ఆడే ఉండాది. మొదటి చరణం ముందు వచ్చేది ఒకటి, రెండో చరణం ముందు వచ్చేది నిండా పాటల్లో పూర్తిగా వేరే, అదే మళ్ళీ కాపీ కొట్టడు. మొదటి దాంట్లో వయొలిన్లు ఒక కథ చెప్తే రెండో దాంట్లో ఫ్లూటు ఇంకో కథ ఎత్తుకుంటాది. ఇంక బేస్ గిటారు సంగతి సరేసరి, ఆయన పాటల్లో అది ఊరికే తాళం వేసే పని చెయ్యదు, గొంతు కింద ఇంకో పాట పాడతా ఉంటాది. ఫోన్ స్పీకర్లో అది సగం కూడా వినపడదు, ఆ పెద్ద స్పీకర్లలో కడుపులో వినపడతాది. మీ అమ్మకి ఈ గిటారు గొడవంతా చెప్పబాక, ఆమె పాట వింటాది, ఆమెని విననీ.

సీట్ల విషయం. ముందర వరస దొరికిందని ఎగరబాక. ముందర కూర్చుంటే మనిషి బాగా కనపడతాడు కానీ సౌండు పక్కనుండే స్పీకర్లలోనుంచి వచ్చి ఒక చెవినే బాదుతాది. గ్రౌండు మధ్యలో పందిరి మాదిరి కట్టి సౌండు మిక్సరు పెట్టుకోని ఇంజినీర్లు కూర్చుంటారు చూడు, దాని ముందర పది పదిహేను వరసల్లో, మధ్యలో ఎంచుకో. ఆ ఇంజినీరు తన చెవికి ఎట్లా బాగుంటే అట్లా సరిచేస్తాడు, ఆయన దగ్గిర కూర్చున్నోడికే అసలు సౌండు. నెహ్రూ ఇండోర్ స్టేడియం లాంటి చోటైతే మెట్ల మీద సీట్లు కాబట్టి వెనకున్నా కనపడతాది, నందనం వైఎంసీఏ గ్రౌండు మాదిరి బయలైతే నేల చదునుగా ఉంటాది, వెనకుంటే ముందోడి తలకాయ, స్క్రీను, అంతే. స్క్రీనులో చూసేదానికి చెన్నై దాకా ఎందుకప్పా, ఇంట్లో టీవీ లేదా. టికెట్లు షో చేసేవాళ్ళు చెప్పిన సైటులోనే కొను, వాట్సాప్ గ్రూపుల్లో 'అర్జంట్ సేల్' అని వచ్చేవాటి జోలికి పోబాక, గేటు దగ్గిర ఆ కోడ్ ఇంకోడు ముందే స్కాన్ చేసుకోని లోపలికి పోయుంటాడు.

ఇప్పుడు ఆయన గురించి. 1943లో పుట్టిన మనిషి. 14 ఏళ్ళకే అన్న పావలర్ వరదరాజన్ ట్రూపులో చేరి తమిళనాడు ఊరూరా మైదానాల్లో హార్మోనియం వాయించినోడు. సినిమాకి సంగీతం 1976లో, స్టేజి దానికన్నా శానా ముందు. ఆ స్టేజి లెక్క ఇప్పటికీ పోలా, తప్పు వాయిస్తే ఊరుకోడు. పాట మధ్యలో చెయ్యెత్తి ఆపేసి, మళ్ళీ మొదట్నుంచి అంటాడు. వేలమంది ముందర! ఫలానా చోట తప్పు వచ్చిందని మైకులోనే చెప్తాడు కూడా. కొందరికి ఇది నచ్చదు, డబ్బులు పెట్టి వస్తే రిహార్సల్ చూపిస్తా ఉండాడు అంటారు. నన్నడిగితే ఆ ఆపిన పాట దొరికినోడికే టికెట్ డబ్బులు గిట్టుబాటు. మొదటిసారి మనకి బాగానే ఉండినట్టు అనిపిస్తాది, రెండోసారి వాయించినాక తెలస్తాది ముందర ఏమి తక్కువైందో. కాబట్టి ఆపినప్పుడు ఈల వెయ్యబాక, గమ్మునుండి రెండుసార్లకీ తేడా పట్టుకో. పాటల పేర్లు అరవడం కూడా వద్దు, ఆయనకి చిర్రెత్తుకొస్తాది, మీ అమ్మకి సిగ్గు.

సామాన్యంగా తెల్లబట్టల్లో వచ్చి హార్మోనియం ముందర కూర్చుని అమ్మవారి పాటతో మొదలుపెడతాడు. ఆ ఒక్క పాటకి లేటు కాబాకండి, ఏడు గంటలకి షో అంటే ఆరుకే లోపల కూర్చోండి. గొంతు గురించి ముందే చెప్తా ఉండా, ఎనభై దాటిన గొంతు, పైస్థాయికి పోతే అరుగుతాది, శ్వాస తెలస్తాది. యూట్యూబ్ కామెంట్లలో వాగే పిల్లోళ్ళ మాటలు పట్టించుకోబాక. ఆ మనిషే 2025 మార్చిలో, 81 ఏళ్ళప్పుడు, లండన్‌లో రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో తన సింఫనీ వాయింపించి వచ్చినాడు. వచ్చే ఏడు చూద్దాంలే అనుకునే వయసు కాదు ఆయనది, మీ అమ్మ మోకాళ్ళదీ కాదు.

బాలు గారి విషయంలో మాత్రం మీ అమ్మని ముందే సిద్ధం చెయ్యి. ఆమెకి సాగరసంగమం అన్నా గీతాంజలి అన్నా బాలు గొంతే. మన శ్రీకాళహస్తిలో, తిరుపతిలో చదువుకున్న మనిషని ఆమెకి ఇంకొంచెం సొంతం కూడా. సినిమాల్లోకి రాకముందు రాజా గారు, తమ్ముడు గంగై అమరన్ బాలు ట్రూపులోనే వాయించేవాళ్ళు, అంత పాత స్నేహం వాళ్ళది. 2020 సెప్టెంబరులో బాలు పోయినాడు, ఇప్పుడు ఆ పాటలు వేరేవాళ్ళు పాడతారు, బాగానే పాడతారు పాపం, కానీ మీ అమ్మ కళ్ళు తుడుచుకుంటాది. 'ఏమైందమ్మా' అని అడగబాక, లోపల కొన్న నీళ్ళ బాటిలు పక్కన పెట్టు, అంతే.

చెన్నైలో కాబట్టి పాటలు నిండా తమిళంలోనే ఉంటాయి. మనం పాత చిత్తూరు జిల్లావోళ్ళం, మనకి అదేం అడ్డం కాదు, కానీ నువ్వు బెంగుళూరులో పెరిగినోడివి కదా, ఈ వారం రోజులూ మీ అమ్మకి ఇష్టమైన తెలుగు పాటల్లో ఏది తమిళంలో కూడా ఉందో వెతుక్కోని ఒక్కోటి విను. ఆడ ట్యూను మొదలైన వెంటనే మీ అమ్మ తెలుగులో అందుకుంటాది, చుట్టూ వేలమంది తమిళంలో పాడతా ఉంటారు, బో తమాషాగా ఉంటాది, ఆపబాక ఆమెని. ఇంకా ఓపికుంటే సింధుభైరవి సినిమా పాటల్లో కల్యాణి రాగాన్ని ఆరోహణలో మాత్రమే కట్టింది ఒకటుంది, స్వరాలు పైకి ఎక్కేదే కానీ దిగవు, అది వినిపోతే ఆయన స్వరాలతో ఎట్లా ఆటాడతాడో కొంచెం తెలస్తాది.

ఫోను. ఒక పాట రికార్డు చేసుకో, మీ అమ్మ మొహం కూడా ఒకసారి తియ్యి, ఆపైన జేబులో పెట్టెయ్యి. మూడు గంటలు చెయ్యెత్తి పట్టుకున్నోడు ఇంటికి తెచ్చుకునేది భుజం నొప్పి, పగిలిపోయిన సౌండు.

ఇంక మీ అమ్మ ఏర్పాట్లు. మధ్య దారి పక్కనుండే వరస చివరి సీటు ఆమెకి, కాలు చాపుకునేదానికి, బాత్రూముకి లేచేదానికి. బ్రేక్ ఇస్తారు అప్పుడు పోదాం అనుకుంటే లేడీస్ దగ్గిర క్యూ అరగంట, యాంకర్ మాట్లాడే టైములోనే తీసకపో. ఐదున్నరకే టిఫిన్ పెట్టించు, షుగర్ మాత్ర మర్చిపోబాక, నీళ్ళ బాటిళ్ళు గేటు దగ్గిర తీసేసుకుంటారు కానీ మాత్రలు, రెండు బిస్కెట్లు డాక్టరు చీటీతో పెట్టుకుంటే సామాన్యంగా వదుల్తారు. స్పీకరు దగ్గిరైతే చెవుల్లో కొంచెం దూది. నవంబరు, డిసెంబరులో బయలు గ్రౌండైతే రెయిన్‌కోటు, గొడుగు విప్పితే వెనకోళ్ళు కొడతారు.

పొయ్యేటప్పుడు రైల్లో పోండి, హాయిగా ఉంటాది. వచ్చేటప్పుడు మాత్రం షో అయ్యేసరికి పది, పదకొండు, మన తిరుపతి బస్సులు ఇప్పుడు కోయంబేడులో కాదు మాధవరంలో ఎక్కాల, ఆడికి ఆటో దొరికేసరికి ప్రాణం పోతాది. ఊత్తుకోట, నాగలాపురం, పుత్తూరు మీదుగా నాలుగు గంటలు రాత్రంతా కూర్చోని రావడం మీ అమ్మ వల్ల కాదు. స్టేడియం దగ్గిర రూము తీసి పడుకోబెట్టు, పొద్దున్నే ఇడ్లీ తిని బయల్దేరండి. మిగిలే ఐదొందలకి కక్కుర్తి పడబాక, తక్కువైతే నేనేస్తా.

టికెట్ నొక్కేముందు సీట్ల ప్లాను స్క్రీన్‌షాట్ నాకు పంపు. మిక్సరు యాడ పెడతారో చూసి వరస నంబరు నేను చెప్తా.

మీ మామ