6×7 అడుగుల చోటులో డ్రెస్సింగ్ రూమ్ కుదురుతుందా?

విశాఖలో ఫ్లాట్, బెడ్‌రూమ్‌కీ బాత్రూమ్‌కీ మధ్య 6×7 అడుగుల చోటు, రెండు వైపులా బీరువాలు కట్టించొచ్చా అన్నది మీ ప్రశ్న.

కట్టించొచ్చు, కానీ రెండు వైపులా ఒకే లోతు వద్దు. హ్యాంగర్‌కి తగిలించిన బట్టలకి 24 అంగుళాల లోతు కావాలి. 6 అడుగుల వెడల్పులో రెండు పక్కలా అంతే ఇస్తే మధ్యలో నడవడానికి 2 అడుగులే మిగులుతుంది. వంగి కింది సొరుగు లాగడం కూడా కష్టం. ఒక వైపు 24, ఎదురు వైపు మడత బట్టలకి 15 అంగుళాల అరలు పెట్టండి. దారి 2 అడుగుల 9 అంగుళాలు వస్తుంది. చొక్కాలు, కుర్తీలకి ఒకదాని కింద ఒకటి రెండు రాడ్లు సరిపోతాయి.

అసలు టెన్షన్ పడాల్సింది తేమ గురించి. సముద్రపు గాలికి బాత్రూమ్ ఆవిరి తోడైతే బూజు ఖాయం. బాత్రూమ్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ తప్పనిసరి. బాత్రూమ్ గోడకి చెక్కను ఆనించకుండా కాస్త ఖాళీ వదలమనండి. ప్లైవుడ్ బీడబ్ల్యూపీ రకం (మరిగే నీటిని కూడా తట్టుకునేది), ఐఎస్ 710 (మెరైన్ ప్లైవుడ్ ప్రమాణం) ముద్ర చూసి తీసుకోండి. ఇక్కడ డబ్బు మిగుల్చుకోవద్దని గట్టిగా చెప్తాను.

పట్టుచీరలు బాత్రూమ్ గోడ వైపు అస్సలు వద్దు. నూలు గుడ్డలో చుట్టి, అప్పుడప్పుడు మడతలు మార్చి పెట్టండి. కలరా ఉండలు జరీకి తగలకూడదు.

లైటు అద్దానికి రెండు పక్కలా ఉండాలి. నడినెత్తిన ఒక్కటే ఉంటే ముఖం మీద నీడ పడుతుంది.