పెళ్లి కాలేదు, ఫ్లాట్ మాత్రం ఇద్దరి పేర్నా ఉంది

ప్రశ్న: నమస్తే మేడమ్. నేనూ అతనూ ఏడేళ్లు కలిసున్నాం, పెళ్లి చేసుకోలేదు, ఇద్దరికీ వేరే పెళ్లిళ్లూ లేవు. 2019లో కంటోన్మెంట్ వైపు 32 లక్షలకి ఫ్లాట్ కొన్నాం, రిజిస్ట్రేషనూ లోనూ ఇద్దరి పేర్నే. డౌన్ పేమెంట్ 8 లక్షల్లో నాది 5, అతనిది 3. ఈఎమ్ఐ అతని అకౌంట్లోంచి కట్ అయ్యేది, నా సగం నెలనెలా క్యాష్ ఇచ్చేసేదాన్ని. పోయిన సిరిమాను పండక్కి ముందే విడిపోయాం, అతను విశాఖ వెళ్లిపోయాడు, ఫ్లాట్లో నేనుంటున్నాను. ఇప్పుడది 40 లక్షలు పలుకుతోంది, లోను ఇంకా 18 ఉంది. అతనేమో నా సగం 20 లక్షలు ఇచ్చెయ్, లేదంటే నా వాటా ఎవరికో అమ్మేస్తా అంటున్నాడు. మా అమ్మయితే తాళి లేదు నీకు హక్కేటి, బేగి ఖాళీ చేసి వచ్చెయ్ అంటంది. ఏటి చెయ్యాలి?
(పేరు వద్దన్నారు), విజయనగరం

జవాబు: ముందు మీ అమ్మగారికి చెప్పండి, తాళికీ ఆ ఫ్లాట్‌కీ ఏం సంబంధం లేదని. దస్తావేజులో మీ పేరుంది, మీరు ఓనరు, ఖాళీ చెయ్యక్కర్లేదు. పెళ్లి కాకుండా కలిసున్నవాళ్ల ఆస్తి పంచడానికని మన దగ్గర వేరే చట్టం లేదు, ఫ్యామిలీ కోర్టు కాదు సివిల్ కోర్టే, అక్కడ మీరు కలిసి ఓ ఆస్తి కొన్న ఇద్దరు మనుషులు అంతే. ఏడేళ్ల కాపురం అలా అయిపోవడం వినడానికి చేదుగానే ఉంటది.

ఇక ఆ 20 లక్షలు. అదేం లెక్కండీ? 40లో 18 బ్యాంకుది కదా, మిగిలేది 22, సగం సగం అనుకున్నా అతనికొచ్చేది 11. లోనంతా మీరు నెత్తినేసుకుని అతనికి 20 ఇస్తే మీకు మిగిలేది 2 లక్షలు.

మరి సగమేనా అంటే, దస్తావేజులో వాటాలు రాసుంటే అదే ఫైనల్. రాయకపోతే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 45వ సెక్షన్ ప్రకారం ఎవరు ఎంత పెట్టారో ఆ లెక్కన వాటా, రుజువు లేకపోతే సమానం. మీ 5 లక్షలు బ్యాంకులోంచి వెళ్తే దానికి రుజువుంది. చిక్కంతా ఆ క్యాష్‌తోనే. స్టేట్‌మెంట్ తీస్తే ఈఎమ్ఐలన్నీ అతనొక్కడే కట్టినట్టుంటది, రేప్పొద్దున సగం కాదు నాకింకా ఎక్కువే రావాలి అన్నా అనొచ్చు. కాబట్టి ప్రతి నెలా ఏ తారీకున ఏటీఎంలో ఎంత తీశారో మీ స్టేట్‌మెంట్లోంచి రాసి పెట్టండి, అందింది అని అతను వాట్సాప్‌లో ఒక్కసారి పెట్టినా చాలు పనికొస్తుంది, ఆ చాట్ చెరపొద్దు, ఆ ఫోను అమ్మెయ్యొద్దు, ఎందుకంటే కోర్టులో పెట్టాలంటే ఆ చాట్ ఆ ఫోనులోదే అని 2023 సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. ఇన్ని తిప్పలున్నాయి గనక 5కి 3 అని పట్టుబట్టడం కన్నా సగం సగానికి తెగ్గొట్టుకోవడమే మీకు లాభం అని నా అభిప్రాయం.

వాటా అమ్మేస్తాననేది బెదిరింపే అనుకోండి. చట్టం ప్రకారం అమ్మొచ్చు, వాటా కొన్న బయటివాడు ఇంట్లోకొచ్చి ఉండకుండా ఉమ్మడి కుటుంబం ఇంటికుండే రక్షణ మీకు రాదు కూడా. కానీ ఒరిజినల్ కాగితాలు బ్యాంకులో, లోను తీరలేదు, లోపల మీరు కాపురం ఉన్నారు, అలాంటి సగం ఫ్లాట్ కొని మళ్లీ పంపకాల దావా వేసుకునే తెలివైనవాడు ఎక్కడ దొరుకుతాడు? పోనీ అతనే దావా వేశాడనుకుందాం. ఫ్లాట్‌ని గోడ కట్టి పంచలేరు కదా, 1893 విభజన చట్టం ప్రకారం సగం లేదా అంతకన్నా ఎక్కువ వాటా ఉన్నవాళ్లు అమ్మించమని అడగొచ్చు, అయితే అలా అడిగినవాళ్ల వాటాని కోర్టు కట్టిన ధరకి నేను కొనుక్కుంటా అని రెండోవాళ్లు అడగొచ్చు. అంటే అతను అమ్మించమన్నాడా, ఆ ఛాన్సు మీదే. కాకపోతే ఏళ్లు పడుతుంది.

అందుకే ముందు బ్యాంకుకెళ్లండి. 18 లక్షలూ మీ ఒక్కరి జీతం మీదికి మారుస్తారా, లేకపోతే ఇంకో బ్యాంకు టేకోవర్ చేస్తుందా కనుక్కోండి. అది తేలకుండా అతనికి పైసా ఇవ్వొద్దు, లోను ఇద్దరి పేర్నా ఉన్నంతకాలం ఎవరు కట్టకపోయినా బ్యాంకు మొత్తానికీ రెండోవాళ్లని పట్టుకుంటుంది. బ్యాంకు ఒప్పుకున్నాక డీడీ అతని చేతికి, అతని సంతకం రిలీజ్ దస్తావేజు (అంటే తన వాటా మీకు వదిలేస్తున్నానని రాసే కాగితం) మీద, రెండూ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఒకే రోజు జరగాలి. వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకుంటే చెల్లదు, రిజిస్టర్ కావాల్సిందే. స్టాంపు డ్యూటీ ఎవరు కట్టాలో కూడా బేరంలోనే మాట్లాడుకోండి. ఎవరైనా ఊరికే గిఫ్ట్ రాయించేసుకో అంటే వినకండి, ఇన్‌కంటాక్స్ దృష్టిలో మీరు బంధువులు కారు, 50 వేలు దాటిన గిఫ్టు మీ ఆదాయంలో కలుస్తుంది.

అతను రేటు దగ్గర దిగకపోతే జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా లాయర్ని ఉచితంగా ఇస్తారు. లోక్ అదాలత్‌లో రాజీ అయితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలుండదు. తాళాలు మార్చేసి మిమ్మల్ని బయట పెట్టాలని చూస్తే 2005 గృహహింస చట్టం కూడా ఉంది, భార్యాభర్తల్లా నలుగురికీ తెలిసి కలిసున్న ఆడవాళ్లకీ అది వర్తిస్తుంది.

ఈలోపు ఈఎమ్ఐలో మీ సగం అతని అకౌంట్‌కే ట్రాన్స్‌ఫర్ చెయ్యండి, ఏ నెలదో కూడా అందులో రాయండి.