ఠప్పుమన్న డబ్బా, కట్టబోయే 40 వేలు

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మావారు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో ఈసీఈ రెండో సంవత్సరం. మూడు నెలలుగా పాత కంప్యూటర్లలోంచి ఊడదీసిన ఇనప డబ్బాలు తెచ్చి, వాటిని ప్రయోగాలకు కరెంటు ఇచ్చే పెట్టెగా మారుస్తానంటూ కూర్చుంటున్నాడు. మొన్న ఆదివారం ఒకటి ఠప్పుమని పేలి ఇల్లంతా కరెంటు పోయింది. అడిగితే, "ఎర్ర స్విచ్ చూసుకోలేదమ్మా, తప్పు నాదే" అన్నాడు. ఇవన్నీ మాన్పించి కోడింగ్ కోర్సులో చేర్చమని తెలిసినవాళ్లు చెబుతున్నారు. ఫీజు 40 వేలు. చేర్చమంటారా? ఈ డబ్బాలతో రేపు ఉద్యోగం వస్తుందా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు మీ చివరి ప్రశ్నకే జవాబు చెబుతాను. ఆ డబ్బాను చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. వీడియోలు చూసి అలాంటివి చేసిన పిల్లలు ప్రతి పాలిటెక్నిక్‌లోనూ నలుగురైదుగురు ఉంటారు. అయితే మీరు మాటవరసకు రాసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. "ఎర్ర స్విచ్ చూసుకోలేదమ్మా, తప్పు నాదే." ఈ సలహాల పనిలోకి రాకముందు చాలా ఏళ్లు పాలిటెక్నిక్ ల్యాబులో పాఠాలు చెప్పాను. ఏదైనా కాలిపోతే పిల్లలు చెప్పే మాటలు నాకు కంఠతా వచ్చు: కాంపోనెంటు నాసిరకం సార్, వోల్టేజి హెచ్చుతగ్గులు సార్, నేను ముట్టుకోలేదు సార్. ఏ స్విచ్ వల్ల పేలిందో చెప్పి, తప్పు తనదని ఒప్పుకున్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఆ ఎర్ర స్విచ్ కథ మీకూ తెలియాలి. కంప్యూటర్‌లో కరెంటును మార్చి ఇచ్చే ఆ డబ్బాను మనవాళ్లు ఎస్‌ఎంపీఎస్ అంటారు. పాతకాలపు డబ్బాల వెనక చిన్న ఎర్ర స్విచ్ ఉండేది, ఒక వైపు 115, మరో వైపు 230 అని రాసి. అమెరికా లాంటి దేశాల్లో ఇళ్లకు వచ్చేది మన వోల్టేజిలో సుమారు సగమే. స్విచ్‌ను 115 వైపు జరిపితే లోపలి సర్క్యూట్ వచ్చిన వోల్టేజిని రెట్టింపు చేసుకుంటుంది. ఆ స్థితిలో మన 230 వోల్టులు ఇస్తే అది కూడా రెట్టింపవుతుంది. లోపల డబ్బీల్లా ఉండి, కరెంటును నిలవ చేసుకునే రెండు పెద్ద కెపాసిటర్లు మామూలుగా చెరో 200 వోల్టులు తట్టుకునేవి. వాటి మీద చెరో 325 వోల్టుల దాకా పడుతుంది. మీ ఇంట్లో ఠప్పుమన్నది అదే. కాబట్టి మీవాడు సాకు చెప్పలేదు, అసలు కారణమే చెప్పాడు.

ఇప్పుడు భయం సంగతి. మీ భయం సగం సరైనదే. ఆ డబ్బా నుంచి బయటికి వచ్చే రంగు రంగుల తీగల్లో ప్రాణానికి ముప్పు లేదు. పసుపు 12 వోల్టులు, ఎరుపు 5, నారింజ 3.3, నలుపు గ్రౌండు. ఆకుపచ్చ తీగను నలుపుకు కలిపితే డబ్బా మేలుకుని ఫ్యాను తిరుగుతుంది. పిల్లలు పేపర్ క్లిప్పు వంచి, ప్లగ్గులో ఆ రెండు తీగలు వచ్చే రంధ్రాల్లో గుచ్చేది ఇందుకే. ముప్పంతా డబ్బా లోపల ఉంది. ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా ఆ కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలవ ఉండవచ్చు. బాగున్న డబ్బాలో అది కాసేపటికి దిగిపోతుంది. చెడిపోయినదానిలో దిగుతుందన్న నమ్మకం లేదు. అందువల్ల పేలిన డబ్బాను మాత్రం విప్పనివ్వకండి. ఈ-వేస్టు తీసుకునేవాళ్లకు ఇచ్చేయండి.

మిగిలిన డబ్బాలను కూడా విప్పాల్సిన పనే లేదు. 24 పిన్నుల ప్లగ్గును నేరుగా గుచ్చుకుని, ఒక్కొక్క వోల్టేజిని తీగను బిగించే ఒక్కొక్క స్క్రూ టెర్మినల్ దగ్గరికి తెచ్చే చిన్న బోర్డులు దొరుకుతున్నాయి, పెద్ద ఖరీదు కాదు. డబ్బా మూత మూసే ఉంటుంది, పని జరుగుతుంది. మూతకు రంధ్రాలు పెట్టి, అందులోనే టెర్మినళ్లు బిగించి, మీటరు అతికిస్తే అందంగా ఉంటుందని మీవాడు వాదిస్తాడు. నిజమే, అందంగా ఉంటుంది. ఇంకో రెండేళ్లు ఆగమనండి.

ఇంకొక పని మీ చేతిలో ఉంది. పనిచేస్తున్న డబ్బాను ముట్టుకుంటే ఎప్పుడైనా చేతికి జివ్వుమంటోందా అని అబ్బాయిని అడగండి. అవునంటే మీ ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా లేదన్నమాట. బ్రాడీపేట, అరండల్‌పేటల్లోని పాత ఇళ్లలో ఇలాంటివి నేను చూశాను. మూడు పిన్నుల సాకెట్టు ఉంటుంది, మూడో రంధ్రం వెనక తీగ ఉండదు. ఈ డబ్బా ఒంటికీ, బయటికి వచ్చే నల్ల తీగలకూ ఎర్తే ఆధారం. అది లేకపోతే లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల గుండా డబ్బా ఒంటి మీదికి దాదాపు సగం మెయిన్స్ వోల్టేజి తేలుతుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించండి. కరెంటు లీకయితే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, లేకపోతే పెట్టించండి. ఆ 40 వేలలో మొదటి ఖర్చు ఇదే. ఈ ఖర్చు అబ్బాయి ఒక్కడి కోసం కాదు, మీ వాషింగ్ మెషిన్ కోసం కూడా.

ఇక ఉద్యోగం మాట. ఇంటర్వ్యూలకు వెళ్లబోయే పిల్లల ప్రాజెక్టులను ముందుగా నా దగ్గర పరీక్షించుకోమని పంపుతుంటారు. ఒక అబ్బాయి ఇలాంటి పెట్టెనే నిగనిగలాడేలా చేసుకొచ్చాడు. 12 వోల్టుల టెర్మినళ్లకు కారు హెడ్‌లైట్ బల్బు తగిలించమన్నాను. 55 వాట్ల బల్బు, లెక్కకు నాలుగున్నర ఆంపియర్లు. పెట్టె మీది స్టిక్కర్‌లో 12 వోల్టుల దగ్గర 15 ఆంపియర్లని ఉంది. బల్బు తగిలించగానే పెట్టె టప్పున ఆగిపోయింది. వాడి ముఖం వాడిపోయింది. "పాడైపోయింది సార్" అన్నాడు. పాడవలేదు. బల్బులోని తీగ చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం చాలా తక్కువ. వెలిగే మొదటి క్షణంలో మామూలు కరెంటుకు సుమారు పది రెట్లు లాగుతుంది. పెట్టె దాన్ని షార్ట్ సర్క్యూట్ అనుకుని తనను తాను కాపాడుకుంది. అలా ఆగితే దానంతట అది తిరిగి మొదలు కాదు, ఆకుపచ్చ తీగను ఒకసారి విడదీసి మళ్లీ కలపాలి. ఆ అబ్బాయికి పెట్టె చేయడం వచ్చు, దాని తీరు తెలియదు.

ఆ పెట్టె ఒంటి మీద ప్రయోగశాల పవర్ సప్లై అని స్టిక్కర్ కూడా అతికించుకున్నాడు. అది ప్రయోగశాల సప్లై కాదమ్మా, ఈ ముక్క మీవాడికి స్పష్టంగా తెలిసి ఉండాలి. ల్యాబులో ఉండే అసలైన సప్లైలో 'ఇంతకు మించి కరెంటు ఇవ్వకు' అని హద్దు పెట్టే నాబ్ ఉంటుంది. సర్క్యూట్‌లో ఒక తీగ తప్పు కలిపినా ఆ హద్దు దగ్గర ఆగిపోతుంది. కంప్యూటర్ డబ్బాకు అలాంటి హద్దు మనం పెట్టలేం. 5 వోల్టుల దగ్గర 20 ఆంపియర్లకు పైగా ఇవ్వగలదు, తప్పు కలిపిన సన్నటి తీగ ఎర్రగా కాలి రాలిపోయేదాకా ఇస్తూనే ఉంటుంది. ప్రతి టెర్మినల్‌కూ రెండు ఆంపియర్ల ఫ్యూజు పెట్టమనండి. "ఫ్యూజు ఎందుకు పెట్టావు, రెండే ఎందుకు" అని ఇంటర్వ్యూలో అడిగితే, వాడు చెప్పే జవాబు పెట్టెకన్నా విలువైనది.

అందుకే వాడికి ఒక నోటు పుస్తకం కొనివ్వండి. ఏ రోజు ఏం కొలిచాడు, ఎంత వస్తుందనుకుంటే ఎంత వచ్చింది, ఏది కాలింది, ఎందుకు. ఆదివారం నాటి ఠప్పు మొదటి పేజీలో ఉండాలి. మీవారిని అడగండి, యార్డులో కాటా మీద అనుమానం వస్తే ఏం చేస్తారో. తెలిసిన తూకపు రాయి వేసి చూస్తారు. మీవాడు నేర్చుకోవాల్సిన విద్య కూడా అదే.

ఇప్పుడు ముందున్న దారి. మూడో సంవత్సరంలో ఆరు నెలల పారిశ్రామిక శిక్షణ వస్తుంది. చాలామంది పిల్లలు సంతకం పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే చోటు వెతుక్కుంటారు. నా మాటగా చెప్పండి, ఆ ఆరు నెలలే ఈ డిప్లొమాకు గుండెకాయ. యూపీఎస్‌లు, ఇన్వర్టర్లు, ఆసుపత్రి పరికరాలు, విద్యుత్ వాహనాల ఛార్జర్లు బాగుచేసే సర్వీస్ కేంద్రాల్లో చోటు సంపాదించమనండి. గుంటూరులో దొరక్కపోతే విజయవాడ గంట ప్రయాణం. అక్కడ ఆటోనగర్‌లో ఒక నెల తిరిగినా, లారీ బ్యాటరీ ఎంత కరెంటు ఇస్తుందో ఏ పుస్తకమూ చెప్పనంత బాగా తెలుస్తుంది. శిక్షణకు మాట్లాడుకోవడానికి వెళ్లేటప్పుడు పట్టుకెళ్లాల్సింది ఆ నోటు పుస్తకం. డిప్లొమా అయ్యాక ఏడాదిపాటు స్టైపెండుతో కూడిన అప్రెంటిస్‌షిప్‌లు ఉంటాయి. ప్రభుత్వ రంగ సంస్థలూ తీసుకుంటాయి. మచిలీపట్నంలో భారత్ ఎలక్ట్రానిక్స్ యూనిట్ మనకు దగ్గరలోనే ఉంది. ప్రకటనలు గమనిస్తుండమనండి. ఇస్రోలో టెక్నికల్ అసిస్టెంట్ కావాలంటే డిప్లొమాలో ప్రథమ శ్రేణి తప్పనిసరి, కాబట్టి మార్కులను చిన్నచూపు చూడటానికి లేదు.

బీటెక్ చేయాలనుకుంటే ఈసెట్ రాసి నేరుగా రెండో సంవత్సరంలో చేరవచ్చు. అక్కడే నాకు మీవాడి గురించి కొంచెం బెంగ. 200 మార్కుల్లో బ్రాంచి సబ్జెక్టుకు 100. మిగిలినవి గణితం 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25. సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్న పిల్లలు కెమిస్ట్రీ పుస్తకం పట్టుకోరు, అనుభవం మీద చెబుతున్నాను. రోజూ గంటన్నర గణితం, వారంలో రెండు రోజులు కెమిస్ట్రీ చదివాకే బల్ల దగ్గరికి వెళ్లాలని నియమం పెట్టండి. పెట్టెను దాచేయడం కంటే ఇది బాగా పనిచేస్తుంది.

కోడింగ్ కోర్సు చెడ్డదని అనను. ఇప్పుడు, ఈ డబ్బుతో వద్దంటాను. మీవాడికి కోడింగ్ కావాలి, కానీ ఆ పెట్టె గుండా రావాలి. మనం రాసిన ప్రోగ్రామ్‌ను నడిపే చిప్పున్న ఒక చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు కొనుక్కుని, పెట్టె ఇచ్చే వోల్టేజినీ కరెంటునూ కొలిచి తెర మీద చూపించే ప్రోగ్రామ్ సీ భాషలో రాయమనండి. కరెంటు రెండు ఆంపియర్లు దాటితే దానంతట అదే ఆపేసేలా చేయమనండి. అది చేయగలిగితే, పరికరాల లోపలి చిప్పులకు ప్రోగ్రాములు రాసే ఎంబెడెడ్ రంగంలోకి ఒక కాలు పెట్టినట్టే. ఆర్నెల్లు ప్రయత్నించినా మనసు పట్టకపోతే అప్పుడు కోర్సు సంగతి మాట్లాడుకుందాం, ఫీజు ఎక్కడికీ పోదు. హార్డ్‌వేర్ ఉద్యోగాల్లో మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్‌లో ఉన్నంత ఉండకపోవచ్చు. ఆ సంగతి దాచి మీకు ఆశ పెట్టలేను. మీ ఇంటి పరిస్థితి చూసుకుని, అబ్బాయితో, మీవారితో కలిసి కూర్చుని మాట్లాడుకోండి.

అబ్బాయికి నా తరఫున ఒక పని అప్పగించండి. ఎర్తింగ్ చూపించాకే, ఫ్యూజులు పెట్టాకే. 12 వోల్టుల టెర్మినల్‌కు స్కూటర్ ఇండికేటర్ బల్బు తగిలించి, ఆ దగ్గర వోల్టేజి ఎంతుందో కొలిచి రాసుకోమనండి. తర్వాత 5 వోల్టుల దగ్గర 10 ఓములు, 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్ కలిపి, మళ్లీ 12 వోల్టుల దగ్గరే కొలవమనండి. రెసిస్టర్ చెయ్యి చురుక్కుమనేలా వేడెక్కుతుంది, ముట్టుకోవద్దనండి. రెండో అంకె మొదటిదానికన్నా పెరిగితే ఎందుకు పెరిగిందో, పెరగకపోతే ఎందుకు పెరగలేదో అరపేజీ రాసి నాకు పంపమనండి.