మా వారు నా ఫోన్ చూస్తుంటారు, ఇది ప్రేమా, నిఘానా?

"నేను ఎక్కడికెళ్ళిందీ, ఎవరితో మాట్లాడిందీ మా వారికి తెలిసిపోతోంది. ఫోన్లో ఏదన్నా పెట్టారా? ఎవరిని అడగాలి?" అన్నారు మీరు.

ఫోన్ వేడెక్కుతోందా, చార్జింగ్ త్వరగా దిగిపోతోందా చూసుకోమని అందరూ చెప్తారు. మా గుంటూరు ఎండల్లో ఎవరి ఫోన్ వేడెక్కదండీ? ముందు ఆయన మాటలు వినండి. మీరు చెప్పని సంగతి ఆయన నోట్లోంచి వస్తోందంటే ఇంకో పరీక్ష అక్కర్లేదు.

నా సంగతి 2022లో. జీతం పడ్డ రోజు మా చెల్లికి వాట్సాప్‌లో "అమ్మకి రెండు వేలు పంపుతున్నా, ఎవరికీ చెప్పకు" అని పెట్టాను. రాత్రి అన్నం దగ్గర ఆయన గోంగూర కలుపుకుంటూ, తలెత్తకుండా, "రెండు వేలేం సరిపోతాయి మీ అమ్మకి, ఇంకో వెయ్యి వేయకపోయావా" అన్నారు. నవ్వుతూనే. మజ్జిగ గరిటె నా చేతిలో అలాగే ఉండిపోయింది. చెల్లే చెప్పిందనుకుని మూడు వారాలు దాంతో మాట్లాడలేదు.

చివరికి జాకెట్ గుడ్డల వంకతో అదే నన్ను విజయవాడ రప్పించి, బీసెంట్ రోడ్డులో నిలబెట్టి ఫోన్ లాక్కుంది. మన వాట్సాప్ ఇంకా ఎక్కడెక్కడ తెరిచి ఉందో చూపించే లింక్డ్ డివైసెస్ నొక్కితే విండోస్ కంప్యూటర్ ఒకటి కనపడింది, ఆ మధ్యాహ్నం వాడిన టైముతో సహా. మా ఇంట్లో కంప్యూటరంటే ఆయన ఆఫీసుకి పట్టుకెళ్ళే ల్యాప్‌టాప్ ఒక్కటే. గూగుల్ మ్యాప్స్‌లో నా లొకేషన్ కూడా ఆయనకి పోతోంది. గూఢచారి యాపులేం లేవు. నిశ్చితార్థానికి ఫోన్ కొనిచ్చింది ఆయన, జీమెయిల్ తెరిచింది ఆయన, సిమ్ము ఆయన పేరునే. పట్టుచీర అంచు గురించి పదిసార్లు మాట్లాడుకునే పెద్దలు సిమ్ము ఎవరి పేరునో ఒక్కసారన్నా అడగరు. "దాచేదేం లేనప్పుడు భయమెందుకమ్మా" అన్నారు తర్వాత మా అత్తయ్యగారు. ఆవిడ బీరువా తాళం మాత్రం ఎప్పుడూ ఆవిడ బొడ్లోనే ఉంటుంది.

అక్కడికక్కడే లాగౌట్ చేయబోతే చెల్లి ఆపింది. "బావకి తెలిసిపోద్ది. రాత్రికి ఇంటికెళ్ళి ఏం చెప్తావక్కా?" స్క్రీన్‌షాట్ కూడా తీయనివ్వలేదు, నా ఫొటోలన్నీ ఆయన తెరిచిన మెయిల్లోకే పోతాయని. తన ఫోన్‌తో ఫొటో తీసి, తన ఫోన్ నుంచే ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181కి చేసింది. వాళ్ళు వన్ స్టాప్ సెంటర్‌కి, అంటే హింస పడే ఆడవాళ్ళకి సాయం చేసే ప్రభుత్వ కేంద్రానికి, వెళ్ళమన్నారు. అక్కడావిడ మొట్టమొదట అడిగింది, "ఈ రాత్రి ఎక్కడుంటారమ్మా?" అని. లాయరుకి డబ్బుల్లేవంటే, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్ళకి ఉచితమని, సంపాదన ఎంతైనా సరేనని చెప్పింది. 15100 వాళ్ళ నంబరే.

ఓ పోలీస్ స్టేషన్లో మాత్రం "చూసింది మొగుడే కదమ్మా" అన్నారు. 2005 గృహహింస చట్టం మనసుని పెట్టే హింసని కూడా హింసే అంటుంది. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షనైతే, ఆడమనిషి ఇంటర్నెట్, ఈమెయిల్ వాడకం మీద కన్నేసి ఉంచటాన్ని నేరమనే రాసింది. మొగుడికి మినహాయింపని అందులో ఎక్కడా లేదు.

మీరు 181కి చేసేటప్పుడు పక్కింటావిడ ఫోన్ అడగండి. కాల్ లిస్టు కూడా ఆయన చూస్తుండొచ్చు.