పెరటి, మిద్దె తోటల వాళ్లు విత్తనాలు పంచుకోవాలంటే ఎట్లా నడపాలి?

ప్రశ్న: నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి కలిపి నలభై ఇళ్ల వాళ్లం దేశీ కూరగాయల విత్తనాలు పంచుకుంటున్నాం. నిరుడు పంచినవాటిలో సగం మొలవలేదు. గుండ్రటి సొర అని ఇస్తే వేరే రకం కాసింది. ఎక్కడ తప్పుతోంది?

జవాబు: అందరూ అన్నీ పెంచి అందరికీ పంచే పద్ధతి ముందు మానేయండి. ఒకే మిద్దె మీద పొడుగు సొర, గుండ్రటి సొర పాకితే పురుగులు ఒకదాని పుప్పొడి ఇంకోదానికి అంటిస్తాయి. ఆ ఏడు కాయ చూడటానికి బాగానే ఉంటుంది, కలిసింది లోపలి గింజలో. అది బయటపడేది మరుసటి ఏడు, ఇంకొకరి ఇంట్లో. అందుకే తప్పు ఎవరి దగ్గర జరిగిందో దొరకదు.

నాలుగు ఊళ్లలో ఉండటమే మీకున్న పెద్ద వసతి. గుండ్రటి సొర విత్తనం వనపర్తిలో రెండిళ్లు, పొడుగుది నల్గొండలో రెండిళ్లు చూసుకోవాలి. మిగతావాళ్లు తినడానికి ఏదైనా వేసుకోవచ్చు, విత్తనానికి మాత్రం ఇవ్వకూడదు. రకానికి రెండిళ్లు ఎందుకంటే ఒకచోట కోతులు పడితే రెండోచోట మిగులుతుంది.

బీర, సొర, కాకర, గుమ్మడి పక్కపక్కన ఉంటే కలిసిపోతాయని చాలామంది భయపడతారు. కలవవు, అవి వేర్వేరు జాతులు. ఒకే కూరగాయలో రెండు రకాలుంటేనే చిక్కు. టమాట, బొబ్బర్లు చాలావరకు తమ పుప్పొడితోనే కాస్తాయి, నాలుగైదు మీటర్ల ఎడం చాలు. వంగ, బెండ కొంత కలుస్తాయి. మిరప బాగా కలుస్తుంది, బజ్జీ మిర్చి పక్కన పెంచిన కారం మిర్చి గింజ ఎవరికీ ఇవ్వొద్దు. తోటకూర పుప్పొడి గాలికి పోతుంది కాబట్టి ఎర్రదీ పచ్చదీ ఒకే ఇంట్లో కంకికి వదలకండి.

సొర, బీరకు ఊరి దూరం ఒక్కటే సరిపోదు, పక్కింటి తీగ కూడా ఉంటుంది కదా. చేత్తో పుప్పొడి అద్దడమే నమ్మకం. ఈ రెండూ సాయంత్రం విచ్చుకునే పూలు. నాలుగింటికల్లా ఆ రోజు విచ్చే ఆడ మొగ్గకు, అంటే కింద చిన్న పిందె ఉన్నదానికి, పలుచని గుడ్డ సంచి తొడిగి మూతి కట్టండి. మగ మొగ్గకూ అంతే. చీకటి పడేవేళ రెండూ విచ్చుకున్నాక మగ పువ్వు రెక్కలు తుంచి, మధ్య పొడిని ఆడ పువ్వు నడిమి భాగానికి మెల్లగా రాయండి. మళ్లీ సంచి తొడిగి రెండు రోజులుంచండి. పిందె నిలిస్తే తొడిమకు రంగు దారం కట్టండి, లేకపోతే ఇంట్లోవాళ్లు కూరకు కోస్తారు. ఇది తరచూ జరిగేదే. కాకర, గుమ్మడి తెల్లవారుజామున విచ్చుకుంటాయి, వాటికి ముందురోజు సాయంత్రమే సంచి కట్టాలి. కాయను తీగ మీదే ముదరనివ్వాలి. సొర పెంకు గోరు దిగనంత గట్టిపడాలి. ఒక్క కాయతో సరిపెట్టకుండా కనీసం మూడు నాలుగు తీగల గింజలు కలపండి. ఏ తీగ సొర అయినా చేదుగా ఉంటే దాన్ని తినొద్దు, గింజ అసలే ఉంచొద్దు. ఆ చేదు విషమే.

మొలవకపోవడానికి ఎక్కువగా కారణం ఆరబెట్టడంలో ఉంటుంది. ఏప్రిల్, మే ఎండలో మిద్దె బండ మీద గింజ పోస్తే లోపలి మొలక చచ్చిపోతుంది. నీడలో, గాలి తగిలేచోట, గుడ్డ మీద పది రోజులు ఆరాలి. సొర, బీర గింజ విరిస్తే టక్కున విరగాలి, వంగితే ఇంకా తేమ ఉన్నట్టే. ఆ తేమతో పాలిథిన్ కవర్లో కడితే బూజు పడుతుంది. టమాట గింజను గుజ్జుతో సహా ఎండాకాలంలో ఒక రోజు, చలికాలంలో రెండు మూడు రోజులు పులియబెట్టి కడిగి ఆరబెట్టాలి. ఎక్కువ రోజులుంటే గిన్నెలోనే మొలకలొస్తాయి.

చిక్కుడు, బొబ్బర్లలో పుచ్చు చాలావరకు డబ్బాలో మొదలవదు, కాయ చెట్టు మీద ఉన్నప్పుడే పురుగు గుడ్లు పెడుతుంది. బాగా ఆరిన గింజను గాలి చొరని సీసాలో పోసి వారం డీప్ ఫ్రీజర్లో పెట్టండి. తీశాక సీసా మామూలు వేడికి వచ్చేదాకా మూత తీయొద్దు, లేకపోతే గింజకు చెమ్మ పడుతుంది.

పొట్లం మీద పేరు రెండు రకాలుగా రాయండి: పుంటికూర/గోంగూర, గోకరకాయ/గోరుచిక్కుడు, ఆనిగెపుకాయ/సొర. గందరగోళం సగం ఇక్కడే పుడుతుంది. దాంతోపాటు కాయ ఆకారం, రంగు, పెంచిన ఊరు, కోసిన నెల, సంవత్సరం. ‘ఎఫ్1’ (హైబ్రిడ్) అని ఉన్న కొన్న ప్యాకెట్ నుంచి వచ్చిన గింజను బృందంలోకి తీసుకోకండి. మొక్క బాగుంటుంది కానీ తర్వాతి తరం ఒక్క తీరుగా రాదు.

మే మొదటి వారంలో ప్రతి రకం 20 గింజలు తడి గుడ్డలో చుట్టి మొలక చూడండి. సొర, బీర రాత్రంతా నానబెట్టాక చుట్టాలి. ఉప్పు తేలే బోరు నీళ్లు వద్దు, తాగే నీళ్లు వాడండి. పది రోజుల్లో 14కు పైగా మొలిస్తే పంచండి. 10 నుంచి 14 అయితే రెట్టింపు గింజలు వేసి పొట్లం మీద ఆ సంగతి రాయండి. 10 లోపయితే ఇవ్వకండి. ఉల్లి గింజ ఏడాది దాటితే నమ్మొద్దు, బెండ రెండేళ్లు, టమాట, వంగ నాలుగేళ్లు ఆగుతాయి.

దేశీ చిక్కుడు గురించి ఒక ఫిర్యాదు తప్పకుండా వస్తుంది: తీగ పాకింది, పూత లేదు అని. పొద్దు తగ్గితే తప్ప అది పూయదు. జనవరి, ఫిబ్రవరిలో వేసినవాళ్లు ఎండాకాలమంతా ఆకులే చూస్తారు. అది గింజ తప్పు కాదు, పొట్లం మీద ‘తొలకరికి వేయాలి’ అని రాయండి.

పొట్లాలు రోహిణి కార్తె దాటకముందే చేతికి అందాలి, మృగశిర జూన్ 8 ప్రాంతంలో వస్తుంది. అప్పటిదాకా రేకుల గదిలోనో బండి డిక్కీలోనో ఉంచకండి, ఇంట్లో అన్నిటికన్నా చల్లని అల్మారాలో పెట్టండి.